ఓర్కులకు అమ్మ ఉందా?

అమ్మకి కళ్ళు మసకబారినప్పటి నుంచి సాయంత్రాలు నేనే చదివి వినిపిస్తున్నాను. ముందు సువార్త, తర్వాత దినపత్రిక, ఆ తర్వాత నేను రాస్తున్న నవల. పిల్లల కోసం రాస్తున్న అద్భుత కథ అది. గుంటూరు జిల్లాలో మా ఊరి వెనక ఉన్న కొండే అందులోనూ ఉంది. కాకపోతే ఆ కొండ కడుపులో ఒక జాతి బతుకుతుంది. వాళ్ళకి మసివాళ్ళు అని పేరు పెట్టాను. చెడ్డవాళ్ళు. ఎందుకు చెడ్డవాళ్ళయ్యారో రాయలేదు. రాయాలని తోచలేదు. పన్నెండో అధ్యాయంలో మా కుర్రాడు కనుమ పైనుంచి బండలు దొర్లించి వాళ్ళలో నలభై మందిని చంపుతాడు. అక్కడ ఆపి అమ్మ వైపు చూశాను.

"వాళ్ళకి అమ్మలు లేరంట్రా?" అంది.

"వాళ్ళు రాక్షసుల్లాంటోళ్ళమ్మా."

"రాక్షసుడికి మాత్రం తల్లి ఉండదా? ప్రహ్లాదుడు ఎవరి కడుపున పుట్టాడు?"

మా తాత చర్చిలో ఉపదేశి. అమ్మకి జపమాల చెప్పుకోకుండా తెల్లవారదు. అయినా చిన్నప్పుడు ఊళ్ళో చెప్పించిన హరికథలన్నీ అరుగు మీద కూర్చుని విన్న మనిషి. లీలావతి బిడ్డ సంగతి ఆమెకి నేను చెప్పాల్సిన పనిలేదు. నాకు జవాబు తోచలేదు. పుస్తకం మూసి దీపం పెట్టడానికి లేచాను.

ఆ రాత్రి ఆంగ్ల రచయిత టోల్కీన్ ఉత్తరాల సంపుటం తీశాను. తన కథల్లోని చెడ్డ జాతి ఓర్కుల గురించి ఇదే ప్రశ్న ఆయనకీ ఎదురైందని, చివరిదాకా దాన్ని మోశారని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా నా నవల రాసేటప్పుడు దాన్ని పక్కకి నెట్టేశాను. అది నన్ను బాధపెట్టింది.

"లార్డ్ ఆఫ్ ద రింగ్స్" మొదటి సంపుటం 1954 జూలైలో వచ్చింది. ఆ సంవత్సరమే పీటర్ హేస్టింగ్స్ అనే పాఠకుడు టోల్కీన్‌కి ఒక ఉత్తరం రాశారు. ఆక్స్‌ఫర్డ్‌లో న్యూమన్ బుక్‌షాప్ అనే కాథలిక్ పుస్తకాల దుకాణానికి ఆయన మేనేజరు. కథ నచ్చిన మనిషే. కానీ రచయిత అక్కడక్కడా హద్దు దాటి దేవుడి పనిలో చెయ్యి పెట్టారేమోనని ఆయన బెంగ. కథలోని ఎల్ఫులు అనే జాతివాళ్ళు చనిపోయి మళ్ళీ పుడతారని రాశారే, మనకు తెలిసిన ఏ సృష్టిలోనూ దేవుడు అలా చెయ్యలేదు కదా అన్నారు. పునర్జన్మ గురించిన ఆ ప్రశ్న మన పాఠకులకి ఆసక్తిగా ఉంటుంది గానీ, నన్ను పట్టుకున్నది రెండోది. చెడుకి సృష్టించే శక్తి లేదు గదా, మరి కథలోని చీకటి ప్రభువు ట్రోల్‌లనీ ఓర్కులనీ చేశాడని ట్రీబియర్డ్ చేత ఎలా చెప్పించారు? ఒకవేళ చెయ్యగలిగినా, అలా వచ్చినవాటిలో మంచి రవ్వంత కూడా ఉండకూడదు. మరి "ద హాబిట్"లో విలియం అనే ట్రోల్‌కి కథానాయకుడు బిల్బో మీద జాలి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇది చిల్లర ప్రశ్న కాదు. సెయింట్ అగస్టీన్ కాలం నుంచి మా సంఘం నమ్మేది ఒకటే: చెడుకి సొంత ఉనికి లేదు. మంచి ఉండాల్సిన చోట అది లేకపోవడమే చెడు. సత్యోపదేశం క్లాసులో మా తాత దీన్ని వంకాయతో చెప్పేవాడు. పుచ్చు తీసుకురారా అంటే ఎవడూ తేలేడు, పుచ్చు వంకాయే తేగలడు. వంకాయని చేసింది సర్వేశ్వరుడు. పుచ్చుకి బతకడానికి కూడా దేవుడి వంకాయే కావాలి. ఎనిమిదేళ్ళప్పుడు విన్న ఆ మాట తర్వాత నేను చదివిన లావుపాటి పుస్తకాలన్నిటికంటే గట్టిగా నాలో ఉండిపోయింది.

మరి ఓర్కు పూర్తిగా పుచ్చేనా, లేక పుచ్చిన వంకాయా? పూర్తిగా పుచ్చే అయితే అది నడవలేదు, మాట్లాడలేదు, అసలు ఉండలేదు. ఉందీ అంటే, దానికి ఉనికిని ఇచ్చిన చెయ్యి చీకటి ప్రభువుది కాదు.

టోల్కీన్ జవాబు రాయడం మొదలుపెట్టి పేజీలకి పేజీలు రాశారు. ట్రీబియర్డ్ నా కథలో ఒక పాత్ర, ఆయనకి అన్నీ తెలియవు అన్నారు. ఉన్నదాన్ని చెరపడం వేరు, లేనిదాన్ని సృష్టించడం వేరు అన్నారు. అక్కడొక బ్రాకెట్ తెరిచారు. ఓర్కులు స్వభావం చేతనే చెడ్డవి అని రాసి, ఇక ఎన్నటికీ బాగుపడలేనివి అని రాయబోయానని, కానీ అది మితిమీరిన మాట అవుతుందని ఒప్పుకున్నారు. దేవుడు వాటి ఉనికిని సహించాడంటే అవీ దేవుడి లోకంలో భాగమే, ఆ లోకం చివరికి మంచిదే. అదీ ఆయన చెప్పిన కారణం. ఆ ఉత్తరం పోస్టు కాలేదు. నాకు నేను మరీ ప్రాముఖ్యం ఇచ్చుకుంటున్నట్టుంది అని దాని మీద రాసి పక్కన పెట్టేశారు. ఆయన పోయాక, 1981లో ఉత్తరాల సంపుటంలో అచ్చయింది.

టోల్కీన్‌లో మతం ఎక్కడుందని వెతికేవాళ్ళు సాధారణంగా కొన్ని గుర్తులు చూపిస్తారు. కథలో చీకటి ప్రభువు ఉంగరం నాశనమైన రోజు మార్చి 25, దేవమాతకి మంగళవార్త చెప్పిన పండుగ రోజు. ప్రయాణంలో తినే లెంబాస్ రొట్టెలో దివ్యసత్ప్రసాదం కనిపిస్తుంది. నిజమే, కనిపిస్తాయి. నాకు మాత్రం ఆ పుస్తకాల వెనకున్న మనిషి దైవభక్తి అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఆ బ్రాకెట్‌లోనే. కాగితం మీద తాను పుట్టించిన జీవులు. వాటిని శాశ్వతంగా వెలివెయ్యడానికి ఒక్క మాట చాలు. అడ్డుపడేవాళ్ళు ఎవరూ లేరు. కలం అక్కడ ఆగింది.

ఆయన బతుకు తెలిసినవాళ్ళకి ఆ ఆగడం వింతగా అనిపించదు. పన్నెండేళ్ళకే తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు. ఆమె 1900లో కాథలిక్ సంఘంలో చేరినందుకు బంధువులు దూరమయ్యారు. 1904లో చనిపోయింది. తర్వాత ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గాన్ సంరక్షణలో పెరిగారు. 1916లో సోమ్ యుద్ధంలో సిగ్నల్స్ అధికారిగా పనిచేశారు. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, వాయుసేన శిక్షణ కోసం దక్షిణాఫ్రికాలో ఉన్న కొడుకు క్రిస్టఫర్‌కి ఉత్తరం రాస్తూ, ఓర్కులు నిజమైనవే, కాకపోతే నిజజీవితంలో అవి రెండు పక్షాలలోనూ ఉంటాయి అన్నారు. శత్రువుని ఓర్కు అనేసి చేతులు కడుక్కునే మనిషి కాదు.

ఇక నవలలోకే వెళ్దాం. "ద టూ టవర్స్" చివర షాగ్రాట్, గోర్బాగ్ అనే ఇద్దరు ఓర్కు నాయకులు చీకట్లో నడుస్తూ మాట్లాడుకుంటారు. కథానాయకుడు ఫ్రోడో వెంట వచ్చిన శామ్ చాటున వింటాడు. పై అధికారుల మీద విసుగు, ఈ యుద్ధం ఎప్పటికి తెములుతుందోనని దిగులు, నమ్మకమైన నలుగురు కుర్రాళ్ళని వెంటేసుకుని పెద్దదొరలు లేని చోటికి పోయి బతకాలన్న ఆశ. ఆ బతుకు కూడా దోపిడీ మీదే అనుకోండి. తర్వాత, దారిలో పడి దొరికిన ఫ్రోడో సంగతి వచ్చి, తోటివాణ్ణి ఇలా వదిలేసి పోవడం ఎల్ఫుల బుద్ధే అని ఈసడించుకుంటారు. కాసేపటికి, అక్కడి రాక్షస సాలీడు గూట్లో ప్రాణాలతో వేలాడుతున్న తమవాడు ఉఫ్‌థాక్‌ని చూసి ఎలా నవ్వుకున్నామో గుర్తుచేసుకుంటారు. వాడిని విడిపించలేదు.

ఈ ఘట్టం నేను ఎన్నిసార్లు చదివానో. తోటివాణ్ణి వదిలెయ్యడం తప్పు అని వాళ్ళకి తెలుసు. ఎదుటివాడు చేస్తే ఠక్కున కనిపిస్తుంది, తాము చేస్తే కనిపించదు. ఇది రాక్షసత్వం అంటే నేను ఒప్పుకోను. పాపసంకీర్తనానికి వెళ్ళే ముందు నాలో నేను చూసుకునేది సరిగ్గా ఇదే. అంతరాత్మ ఉన్నవాడికే అది పుచ్చుతుంది. టోల్కీన్ బుద్ధి ఒక సిద్ధాంతం దగ్గర తడబడుతుంటే, చెవి మాత్రం ఆ జీవుల మాటల్ని సరిగ్గా విన్నది.

కానీ అదే పుస్తకంలో హెల్మ్స్ డీప్ కోట దగ్గర యుద్ధం ముగిశాక చూడండి. శత్రుపక్షాన వచ్చిన కొండమనుషులు ప్రాణభిక్ష అడుగుతారు. వాళ్ళని క్షమిస్తారు, ప్రమాణం చేయించుకుని ఇళ్ళకి పంపుతారు. ఓర్కుల్లో ఒక్కటీ మిగల్లేదు. వాటి శవాలని లెక్కపెట్టలేదు. ఒకే రణరంగం, రెండు ధర్మాలు. మొదటిసారి చదివినప్పుడు ఆ గెలుపుకి నా గుండె పొంగింది, ఇప్పటికీ పొంగుతుంది. అది దొంగ ఆనందం అనను. కోట లోపల ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు, వాళ్ళని కాపాడాల్సిందే. కానీ లెక్కపెట్టని ఆ శవాల దగ్గర ఆగకుండా నేనూ ముందుకి చదువుకుంటూ పోయాను. నా కనుమలో నలభై మందిని చంపే చెయ్యి నాకు అక్కడే అలవాటైంది.

ఇదంతా కథే కదా, ఇంత మథనం ఎందుకంటారేమో. 1965లో కవి ఆడెన్ ఈ ఓర్కుల సంగతే అడిగితే, నా కథని వేదాంత సూత్రాలకి అతికినట్టు చెయ్యాలన్న నిర్బంధం నాకు లేదు, క్రైస్తవ విశ్వాసంతో పొసగాలని మాత్రం ఉద్దేశించాను అన్నారు టోల్కీన్. ఆ మాటతో వదిలేసే మనిషే అయితే వదిలేసేవారు. అప్పటికే ఏళ్ళ తరబడి కాగితాల మీద కాగితాలు రాసి ఉన్నారు. ఓర్కులు చెరపట్టబడి చెడిన ఎల్ఫులా? మనుషులా? లేక మాటలు నేర్పిన జంతువులా, చిలకల్లాగా? జంతువులైతే సమస్యే లేదు. కానీ గోర్బాగ్ చీకట్లో కలగన్నాడు. చిలక ఉద్యోగం మానేసి పోదామని కలగనదు.

1993లో క్రిస్టఫర్ అచ్చువేయించిన ఆ కాగితాల్లో ఒక నియమం ఉంది. పట్టుబడ్డ ఓర్కులని హింసించకూడదు, ఇల్లూ ఊరూ కాపాడుకునే సమాచారం కోసమైనా సరే. లొంగిపోయి శరణంటే ప్రాణభిక్ష పెట్టాల్సిందే, దానివల్ల మనకి నష్టం కలిగినా సరే. అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నది ఆయన తేల్చుకోలేకపోయారు. వాటిపట్ల మనం ఎలా ఉండాలన్నది మాత్రం తేల్చేశారు. 1973లో ఆయన చనిపోయేనాటికి మొదటి ప్రశ్న అలాగే ఉంది.

ఆయన "సిల్మరిల్లియన్"లో ఔలే కథ ఉంది. ఔలే దేవదూతల్లాంటి ఒక శక్తి, కమ్మరి, శిల్పి. దేవుడైన ఇలూవతార్ బిడ్డలు పుట్టేదాకా ఆగలేక, నేర్పడానికి శిష్యులు కావాలన్న ఆశతో, కొండ కింద చాటుగా మరుగుజ్జుల్ని చేస్తాడు. దేవుడు అడుగుతాడు. ఔలే ఏడుస్తూ, తాను చేసినవాటిని తానే పగలగొట్టడానికి సుత్తి ఎత్తుతాడు. అవి భయంతో ముడుచుకుంటాయి. ఉత్త బొమ్మలైతే ముడుచుకోవు. దేవుడు అప్పటికే వాటికి ప్రాణం ఇచ్చేశాడు. రాసేవాళ్ళకి ఇంతకంటే ఎక్కువ నేర్పగల కథ నాకు తెలియదు. మనం మలిచింది సుత్తి కింద ముడుచుకుంటే, అప్పటినుంచి అది మన ఒక్కరిదే కాదు.

పన్నెండో అధ్యాయం మళ్ళీ రాశాను. మూడు వారాలు పట్టింది. కుర్రాడు బండలు దొర్లిస్తాడు, తప్పదు, కింద వాడి ఊరుంది. కానీ తెల్లారాక కనుమలోకి దిగుతాడు. ఒకడు ఇంకా ఊపిరి తీస్తుంటాడు.

అది అమ్మకి చదివిన రోజు నవంబరు ఒకటి. మర్నాడు సమాధుల పండుగ. చనిపోయినవాళ్ళ కోసం పూజ పెట్టించడానికి ఫాదరు గారికి ఇవ్వాల్సిన పేర్ల చీటీ ముందు రాయించుకుంది. తాత, అమ్మమ్మ, నాన్న, పురిట్లో పోయిన మా అక్క. ఆ అక్కకి పేరు పెట్టలేదు, అందుకని ప్రతి ఏడూ "పాప" అని రాయిస్తుంది. చీటీ మడిచి బైబిల్లో పెట్టాక నవల తీశాను. ఊపిరి తీస్తున్న మసివాడి దగ్గరికి కుర్రాడు నీళ్ళు తీసుకెళ్ళేదాకా చదివాను.

"ఆగు" అంది అమ్మ. "వాడి పేరేంటి?"

"ఇంకా పెట్టలేదమ్మా."

"పెట్టి చదువు."

పెన్ను తీసుకున్నాను. అమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని ఎదురుచూస్తోంది.