కొలత

దళిత పుస్తకంలో బ్రా గురించి వ్యాసమేందని కొందరు మొఖం చిట్లిస్తారు. భూమి గురించి రాయండి, కూలి గురించి రాయండి, లోపలి బట్టల ముచ్చట మనకెందుకంటారు. కానీ ఈ దేశంలో కులం తన శాసనాన్ని మన ఒంటి మీది బట్ట మీదనే రాసింది. ఎవరు చెప్పులు తొడగాలి, ఎవరు చీర మడమల దాకా కట్టాలి, ఎవరు ఛాతీ కప్పుకోవాలి అన్నవి ఎవరి ఇష్టానికీ వదిలిపెట్టలేదు. కాబట్టి సికింద్రాబాద్ జనరల్ బజార్ల ఒక దళిత ట్రాన్స్ మహిళ మొదటి బ్రా కొనుక్కోవడం ఒట్టి సొంత ముచ్చట కాదు. అందులో ఒక నీతి ప్రశ్న ఉంది. నా ఒంటి కొలత చెప్పే హక్కు ఎవరిది?

తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ ఆడవాళ్లు పైకులాల ముందర ఛాతీ కప్పుకోవద్దన్నారు. వాళ్లు దశాబ్దాల తరబడి కొట్లాడారు. దెబ్బలు తిన్నారు, బట్టలు చింపించుకున్నారు. చివరికి 1859లో రాజు ఒక ప్రకటన చేశాడు. కప్పుకోవచ్చు, కానీ పైకులాల ఆడవాళ్లు కప్పుకున్నట్టు మాత్రం కప్పుకోవద్దు అన్నాడు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకోవడమంటే ఇదే. 1927 డిసెంబర్‌లో మహద్‌లో మనుస్మృతిని కాల్చిన రోజుల్లోనే అంబేద్కర్ మన ఆడవాళ్లతో చీర కట్టు గురించి మాట్లాడాడు. పైకులాల ఆడవాళ్ల లెక్క నిండుగా కట్టుకోండి, దూరం నుంచే మన కులాన్ని చాటే ఆ బరువు నగలు మానేయండి అన్నాడు. బట్ట చిన్న సంగతే అయితే అంత పెద్ద పోరాటం నడుమ ఆయన దాన్ని ఎత్తేవాడు కాదు.

మా దగ్గరికొస్తే ఏకంగా చట్టమే ఉండేది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. అనుమానమున్న హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్‌లో ఎక్కించాలి. పేరెక్కిన హిజ్రా ఆడబట్టల్లో, నగల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేండ్ల దాకా జైలు వేయొచ్చు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ రాత మాత్రం పోలేదు. వైజయంతి వసంత మోగ్లి, ఇంకొందరు కోర్టుకెక్కి కొట్లాడితే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆడబట్ట కట్టినందుకు శిక్ష వేయొచ్చన్న రాత మా నెత్తి మీద వందేండ్లకు పైగా నిలిచింది.

యూనివర్సిటీలో చదువుకునే నా దోస్తులు ఇంకో తీరుగ అడుగుతారు. 1968లో అమెరికాలో, అట్లాంటిక్ సిటీ అందాల పోటీని వ్యతిరేకించిన ఆడవాళ్లు బ్రాలను, నడుం బిగించే పట్టీలను చెత్తడబ్బాలో పడేశారు. కాల్చారని లోకమంతా చెప్పుకుంది గానీ నిజానికి కాల్చలేదు. ఆడదాని ఒంటిని మగోడి కండ్లకు నచ్చేటట్టు బిగించే సంకెల అది అన్నారు. వాళ్ల కోపం న్యాయమైందే. మరి వాళ్లు పారేసిన సంకెలను నువ్వెందుకు ఏరుకుంటున్నవు అని దోస్తుల ప్రశ్న. నా జవాబు ఒక్కటే. ఏదన్న ఇసిరెయ్యాలంటే ముందుగాల అది చేతిల ఉండాలె. తొడిగితే జైలన్న చోట తొడగడమే తిరుగుబాటు అయితది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం అల్కగనే ఉంది. మా అమ్మ అడిగింది మాత్రం అంత అల్కటిది కాదు.

మా అమ్మ ఇండ్లల్ల బాసన్లు తోమేది. ఆమె దాన్ని బ్రా అనదు, బాడీ అంటది. ఆమె జీవితంలో వేసుకున్న మొదటి బాడీ పనిచేసే ఇంటి అమ్మగారు పాత చీరల మూటలో పడేసింది. లాస్టిక్ సాగిపోతే పిన్నీసు పెట్టి నిలబెట్టుకుంది. అది ఆమె కొలత కాదు, ఎవరి కొలతనో. నేను కొనుక్కొచ్చింది చూసి చానాసేపు ఏమనలేదు. తర్వాత అడిగింది. “నలభై ఏండ్లు నేనది లేకుంటనే బతికిన. నిన్ను గన్న, పాలిచ్చిన. నేను ఆడదాన్ని కాకపోతినా? గా గుడ్డ లేకుంటె నువ్వు కావా?”

ఆమె మాట నిజం. బ్రా ఆడతనాన్ని ఇయ్యదు. ఇచ్చేదే అయితే నాటేసే మా ఊరి ఆడవాళ్లు, రోడ్లు ఊడ్చే మా బస్తీ ఆడవాళ్లు సగంమంది ఆడవాళ్లు కాకుండా పోవాలి. అయినా నాకు అది కావాలి. ఎందుకు?

ఒక కారణం ఒంటిది. హార్మోన్ మందులు మొదలుపెట్టినంక రొమ్ములు గట్టిపడి నొస్తయి. బస్సు కుదిపితే పాణం పోయినట్టయితది. అప్పుడు బ్రా సింగారం కాదు, ఆసరా. మందులు లేనప్పుడు మేం రైకలో గుడ్డలు కుక్కుకున్నాం, స్పాంజి ముక్కలు కోసి పెట్టుకున్నాం. అవి జారకుండా పట్టి ఉంచేదీ అదే.

రెండో కారణం ఇజ్జత్. 1990లలో మన జంటనగరాల హిజ్రాల నడుమ తిరిగి గాయత్రి రెడ్డి ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2005లో వచ్చింది. ఆ పుస్తకం నిండా తిరిగే మాట ఇజ్జత్. మావాళ్లు తిండి కన్నా ముందు దాన్ని లెక్కపెట్టుకుంటారు. ఆ ఇజ్జత్ దుకాణం గల్లా ముందర ఎట్లుంటదో చెప్తాను.

నేను బ్రా కొననీకి పోయిన దుకాణంలో మాకు వారం వారం పది రూపాయలు ఇస్తారు. దువా తీసుకుంటారు, పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టమంటారు. ఆ రోజు పైసలు పట్టుకొని గిరాకీ లెక్క నిలబడితే సేటు నా మొఖం చూసి, “ఇయ్యాల మీ రోజు కాదు గదా” అన్నడు. కొననీకొచ్చిన అన్న. చుట్టున్న ఆడవాళ్లు పక్కకు జరిగిన్రు. ఆ జరగడం నాకు కొత్త కాదు. ఊళ్లె బోరింగుకాడ మా అమ్మ బిందె పెట్టినప్పుడు చూసిందే. ఆషాఢంలో లష్కర్ బోనాలకు చీర కట్టి పసుపు రాసుకున్న శివసత్తి కాళ్లు మొక్కే జనమే ఇది. అమ్మవారు పూనినప్పుడు ఆ ఒంటికి చీర ఒప్పుతది. తెల్లారి అదే ఒళ్లు బజార్ల నిలబడితే వేషమంటారు. దీవెన ఇచ్చే చెయ్యి కావాలి, పైసలిచ్చి కొనుక్కునే చెయ్యి వద్దు.

దుకాణంల పనిచేసే పిల్ల ఒకామె ముందుకొచ్చి, “ఏం సైజక్కా?” అన్నది. నాకు తెల్వదన్న. ఇంతకుముందు కొన్నోళ్లంతా చెల్లెకు కావాల్నని అబద్ధమాడి, చేతులతో ఇంత ఉంటదని చూపి తెచ్చుకున్నోళ్లే. ఆమె టేపు తీసి కుర్తా మీదికెళ్లే చుట్టింది. రొమ్ముల కింద ఒక కొలత, రొమ్ముల మీదికెళ్లి ఇంకో కొలత. కిందిది అంకె అయితది, రెంటికీ నడుమ తేడా అక్షరమైతది. ఒక ఇంచు తేడా ఉంటే ఏ, రెండైతే బి, మూడైతే సి. నాది 38 ఏ. అది లేదు. 38లో బి ఉన్నది, సి ఉన్నది. వెడల్పు ఛాతీకి చిన్న రొమ్ము ఉంటదని ఆ దుకాణానికి మాల్ తెచ్చినోళ్లు అనుకోనే లేదు. చివరికి 36 బి తీసుకొని, వెనక రెండు వరుసల హుక్కుల పట్టీ ఒకటి అదనంగా తగిలించుకొమ్మని ఆ పిల్లనే ఉపాయం చెప్పింది. తిట్టకుండ, గిల్లకుండ, బేరమాడకుండ నన్ను ముట్టిన పరాయి చెయ్యి ఆమెదే మొదలు.

అమ్మకు నేను చెప్పిన జవాబు ఇదే. “నువ్వు ఆడదానివే, ఎవరూ కాదనలే. కానీ నీ సైజెంతని ఎవరన్న అడిగిన్రా?” ఆమె ఆడతనాన్ని లోకం ఎన్నడూ అనుమానించలేదు, గౌరవించనూ లేదు. నాదాన్ని అనుమానించింది కాబట్టే గౌరవించలేదు. ఇద్దరికీ దక్కనిది ఒక్కటే. మా కొలత ఇది అని చెప్తే నమ్మి ఇచ్చేటోళ్లు లేరు.

సర్కారు కూడా ఆ సేటు లెక్కనే మాట్లాడింది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చన్నది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం, కలెక్టర్ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోండి, స్త్రీ అని రాయించుకోవాలంటే ఆపరేషన్ కాగితం చూపండి అన్నది. 1859 నాటి తిరువాన్కూరు మాటే మళ్లా. కప్పుకోండి గానీ మా లెక్క కప్పుకోవద్దు.

ఇక మన ఉద్యమాలతో ఒక మాట. నల్సా తీర్పు ట్రాన్స్ మనుషులను వెనకబడిన తరగతులుగా చూసి రిజర్వేషన్ ఇయ్యమన్నది. అట్లయితే దళిత ట్రాన్స్ మనిషి ఏ కాగితం పట్టుకోవాలి? ఎస్సీ అని చెప్తే ట్రాన్స్ బతుకు లెక్కలోకి రాదు, ట్రాన్స్ అని బీసీలో కలిస్తే కులం లెక్కలోకి రాదు. అందుకే తమిళనాడుకు చెందిన దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి గ్రేస్ బాను ప్రతి కుల కోటా లోపల ట్రాన్స్ వాళ్లకు వాటా ఇచ్చే సమాంతర రిజర్వేషన్ అడుగుతున్నది. బ్రా సైజులో అంకె ఉంటది, అక్షరముంటది. ఒకటి చెప్పి ఒకటి దాస్తే ఒంటికి పట్టదు. మాకు కులమూ జెండరూ అట్లనే.

దళిత సభలో నన్ను చూసి నవ్వేటోళ్లున్నరు. ట్రాన్స్ సభలో కులమెందుకు ఎత్తుతవనేటోళ్లున్నరు. ఇద్దరినీ నేనడిగేది పెద్దదేం కాదు. మీరు పెట్టే హాస్టల్లో, మీరు రాసే డిమాండ్లలో, మీరు కూచునే కమిటీలో మా కొలత మీరే అనుకొని తయారు చెయ్యకండి. మమ్మల్ని అడగండి. అడిగినంక, మేం చెప్పింది రాయండి.