స్వామికి బొజ్జ ఉంది సరే, మరి మనకి?

 

పోయిన వినాయక చవితికి మా గుండ్లపోచంపల్లి అపార్ట్‌మెంట్ మండపంలో సాష్టాంగం చేశాను. లేవడం నా వల్ల కాలేదు. పక్కింటి కుర్రాడు చెయ్యిచ్చి లేపి, "దేవునికే బొజ్జ ఉంది కదన్నా, మనకుంటే ఏమైతది?" అన్నాడు. నేనూ నవ్వేసి ఐదో కుడుము అందుకున్నా.

కొన్ని రోజులకే చెకప్‌లో తేలింది: లివర్‌కి కొవ్వు పట్టింది, షుగర్ గీత మీదుంది. నొప్పి లేదు, నీరసం లేదు. చెప్పకుండా పెరగడమే దీని తిరకాసు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు మన ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువుంది, 71 శాతం మందికి ఊబకాయం. అంటే నాలాంటివాళ్లే ఎక్కువ!

మనవాళ్లకి బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్తపడాలి, 25 దాటితే ఊబకాయమే. నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. పొట్టలో చేరిన కొవ్వు ఇన్సులిన్‌ని పనిచెయ్యనివ్వదు. దాని వెనకే షుగర్, బీపీ, గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగే గురక, మోకాళ్ల అరుగుదల.

ఇప్పుడు వ్రతకథ గుర్తు చేసుకోండి. స్వామి కుడుములు, ఉండ్రాళ్లు కడుపునిండా ఆరగించి తల్లిదండ్రులకి మొక్కబోతే, పొట్ట నేలకానింది గానీ చేతులు ఆనలేదు. ఏటా అక్షతలు పట్టుకుని వింటాం, చంద్రుణ్ణి చూడకూడదన్నది ఒక్కటే గుర్తుపెట్టుకుంటాం. మండపంలో నాకు జరిగింది అచ్చం అదే కదా!

ఇంకో మాట. అమ్మవారి శాపం తిన్నవాడికి కాదు, చూసి నవ్వినవాడికి తగిలింది. లావుగా ఉన్నవాళ్లని వెక్కిరించేవాళ్లు చంద్రుడి పక్షం అన్నమాట. బరువు వెనక వంశం, థైరాయిడ్, కొన్ని మందులు, నైట్ షిఫ్టులు, ఎన్నో ఉంటాయి. సోమరితనం అనేసి ఊరుకోకండి.

నా సంగతంటారా, నాది చాలావరకు నోరే. ఉపవాసమని చెప్పి రాత్రికి రెండు ప్లేట్ల సాబుదానా వడ లాగించేవాణ్ణి. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ కూడా యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు చెప్పాడు. అది నేనే ఎన్నిసార్లు వీడియోల్లో చెప్పానో!

బరువులో 5 శాతం తగ్గినా లివర్ కొవ్వు తగ్గుతుందన్నారు డాక్టర్‌గారు. నా 90 కిలోలకి నాలుగున్నర. రోజూ పొద్దున రైల్వే స్టేషన్ దాకా నడుస్తున్నా, మూడు తగ్గాయి. నైవేద్యం పళ్లెం నిండుగానే పెడుతున్నా, నా చేతిలోకి ఒక్క కుడుమే. సాష్టాంగం నుంచి లేవడానికి ఇప్పటికీ గోడ పట్టుకోవాల్సొస్తోంది.