ఆరా తీసే హక్కు

అంటువ్యాధి వచ్చినప్పుడు ప్రభుత్వం మన గడప దాకా వచ్చి, "ఇంట్లో ఎవరికైనా జ్వరమున్నదా?" అని అడుగుతుంది. అలా అడిగే హక్కు దానికి ఉన్నదా? ఉన్నది ఉన్నట్టు చెప్పవలసిన బాధ్యత మనకు ఉన్నదా? ఇవి వైద్యులకు సంబంధించిన ప్రశ్నలుగా కనిపిస్తాయి గాని, నిజానికి నీతికి సంబంధించినవి.

బాసర రేవులో నిలబడి చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. మహారాష్ట్ర దాటిన గోదావరి తెలంగాణలో తొలుత చూసే ఊళ్లలో బాసర ఒకటి. వసంత పంచమినాడు వేలాది తల్లిదండ్రులు బిడ్డలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఇక్కడికి వస్తారు. నిజామాబాదు వైపు నుంచీ నాందేడు వైపు నుంచీ వచ్చి రైళ్లు దిగుతారు. అందరూ ఒకే నీటిలో మునుగుతారు, ఒకే వరుసలో నిలబడతారు. ఎగువవాని మురికే దిగువవానికి తీర్థమవుతుంది. "నా ఒళ్లు నా ఇష్టం" అనే మాట ఈ రేవులో నిలవదు. అంటురోగం ముందు ఏ మనిషీ ఒంటరివాడు కాడు. కాబట్టి ఆరా తీయటం అవసరమే. 1854లో లండనులో జాన్ స్నో కలరా చావులను ఇంటింటా లెక్కవేసి, దోషం ఒక బోరింగు నీటిదని చూపాడు. అప్పటికి కలరా క్రిమి సంగతి వైద్యలోకానికి తెలియదు. లెక్కే దారి చూపింది.

అయితే ఇది సగం సమాధానం మాత్రమే. జనం రోగాన్ని దాస్తారనీ, దానికి కారణం అజ్ఞానమనీ చదువుకున్నవారు తరచు అంటారు. ఈ మాట పరీక్షకు నిలుస్తుందా? పూర్వం మశూచి వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అమ్మవారు వచ్చిందని కట్టారు, నిజమే. కాని ఆ వేపమండ ఒక ప్రకటన కూడా. ఈ ఇంట్లో రోగమున్నది, లోపలికి రావద్దని అది ఊరికంతటికీ చాటింది. చాటినందుకు శిక్ష లేదు గనుక చాటారు. మూఢనమ్మకం రోగాన్ని నయం చేయలేదు. కాని దాచమనీ చెప్పలేదు.

మరి దాపరికం ఎక్కడ పుడుతుంది? నిర్మల్, నిజామాబాదు ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీని అడగండి. ఆమె కూలి వేయి బీడీలకు ఇంత అని లెక్క. జ్వరమున్నదని చెబితే కార్ఖానాలో ఆకూ తంబాకూ దొరకవు. ఆకు లేని రోజు కూలీ లేదు. అటువంటి మనిషి నోరు మూసుకుంటే దాన్ని అబద్ధమందామా, ఆకలి అందామా?

మన చట్టం ఈ ప్రశ్నను పట్టించుకోలేదు. బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు, 1897లో, బ్రిటిషు ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసింది. అప్పట్లో అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. ప్రభుత్వానికి అధికారాలున్నాయి, ఉత్తర్వు మీరినవానికి శిక్ష ఉన్నది, అధికారిపై దావా వేయకుండా రక్షణ ఉన్నది. రోగికి ప్రభుత్వం ఏమి బాకీపడిందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ఏడాదే పుణెలో సైనికులు ప్లేగు పేరుతో ఇళ్లలో చొరబడి సోదాలు చేశారు. జనం రోగుల్ని దాచారు. చివరకు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చి చంపేదాకా వెళ్లింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మనం బయటికి తీసినదీ ఆ చట్టాన్నే.

మరొక దారి లేకపోలేదు. 1970లలో మశూచి నిర్మూలనకు కార్యకర్తలు దేశమంతటా ఇల్లిల్లూ తిరిగారు. రోగిని చూపినవారికి బహుమానం ప్రకటించారు, 1975 నాటికి అది వెయ్యి రూపాయలకు పెరిగింది. అక్కడక్కడ బలవంతపు టీకాలూ జరిగాయి, వాటిని సమర్థించనక్కర లేదు. కాని చెప్పటం నష్టం కాకుండా చేయవచ్చునని ఆ ఉద్యమం రుజువు చేసింది. 1977లో భారతదేశం మశూచి లేని దేశమైంది.

2020 మార్చిలో కరీంనగర్‌లో ఈ రెండు దారులూ ఒకేచోట కనిపించాయి. ఇండొనేషియా నుంచి వచ్చిన మత ప్రచారకులకు కరోనా ఉన్నట్టు తేలింది. ఆరోగ్య సిబ్బంది గడపగడపకూ వెళ్లి జ్వరాలు వెతికారు. జీతం కాక పారితోషికం మీద బతికే ఆశా కార్యకర్తలు భయాన్ని దిగమింగి నడిచారు. ఆ పని శాస్త్రానికీ మానవత్వానికీ గౌరవం తెచ్చేది. అయితే అదే రోజుల్లో దేశంలో కొందరు రోగం జాడ వదిలి మతం జాడ పట్టారు. క్రిమిని వెతకటం శాస్త్రం. మనిషిని వేటాడటం దాని ముసుగులోని ద్వేషం. ఈ గీత చెరిగిన చోట రోగి మళ్లీ తలుపు వేసుకుంటాడు, శాస్త్రమే ఓడిపోతుంది.

ఇంకొక సంగతి ఉన్నది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున కూలికి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోగి అందించిన జ్ఞానం మాత్రం ఆదిలాబాదు అడవికి చేరటానికి ఎంతకాలం పట్టింది? నూరేళ్లు గడిచిన తర్వాత కూడా ఉట్నూరు ఏజెన్సీలో వానాకాలపు జ్వరాలు గోండుల, కోలాముల ప్రాణాలు తీశాయి. పేదవాని రక్తం నుంచి లెక్క తీసుకుని, పేదవాని గుడిసెకు మందు పంపని శాస్త్రం అప్పుపడిన శాస్త్రం.

కనుక ఆరా తీసే హక్కు ప్రభుత్వానికి ఉన్నది, కాని అది ఉచితంగా వచ్చే హక్కు కాదు. "జ్వరమున్నదా?" అని అడిగినవాడు, ఉన్నదని విన్న మరుక్షణం మందు, తిండి, పోయిన కూలి, పరువు, ఈ నాలుగింటికీ జవాబుదారీ కావాలి. కానినాడు ఆ ప్రశ్న పోలీసు ప్రశ్న. ఐననాడు పొరుగువాని పలకరింపు. బీడీ చుట్టే తల్లి భయపడకుండా "అవును, ఉన్నది" అని చెప్పగలిగిన రోజే మన ప్రజారోగ్యానికి అక్షరాభ్యాసం జరిగినట్టు.