ఇసుకలోని గూడు కూడా అమానతే



ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఓ చిన్న పక్షి పిల్లలను రెండింటిని పట్టుకున్నారు. తల్లిపక్షి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లసాగింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అది చూసి, దీన్ని బాధపెట్టిందెవరని అడిగారు. పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు. అబూ దావూద్ గ్రంథంలోని ఈ హదీసు మనం ఎన్నోసార్లు విన్నదే. అయితే తాడేపల్లి ఒడ్డున నిలబడి ఎప్పుడైనా దాన్ని గుర్తు చేసుకున్నామా?

ఎండాకాలంలో కృష్ణలో నీరు తగ్గి ఇసుక మేటలు బయటపడతాయి. తీతువు పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. నేలమీదే చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. గద్ద కంట పడకుండా అల్లాహ్ ఆ గుడ్లకు నేల రంగునే ఇచ్చాడు. కాని అవి ట్రాక్టరు తోలేవాడి కంటికీ ఆనవు. లకుముకి పిట్ట ఒడ్డు మట్టిలో సొరంగం తవ్వుకుని పిల్లలను పెంచుతుంది. ఒడ్డును తవ్వేస్తే ఆ గూడూ కూలుతుంది. నీరు బురదయితే, పైనుంచి చూసి చేపను పట్టే ఆ పిట్టకు ఆహారమూ కరువవుతుంది.

కృష్ణా, గోదావరి నదుల్లో అక్రమ ఇసుక తవ్వకాలను అరికట్టనందుకు 100 కోట్ల రూపాయలు జమ చేయమని 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. మన పొరుగున ఉన్న ఉండవల్లి పేరు కూడా ఆ వ్యవహారంలో వినిపించింది.

తప్పు ప్రభుత్వానిదో కాంట్రాక్టరుదో అని చెప్పి తప్పుకోవడం తేలిక. మరి చౌకగా వస్తోందని, అనుమతి లేని ఇసుకను రాత్రివేళ ఇంటిముందు దింపించుకున్నది ఎవరు? 'మస్జిదు గోడకే కదా' అని మనసుకు సర్దిచెప్పుకున్నది ఎవరు? అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైన దాన్నే స్వీకరిస్తాడని ప్రవక్త (స) బోధించారు. దొంగ ఇసుకతో లేచిన గోడ ఆయనకు ఎలా ప్రీతికరమవుతుంది?

ఇల్లు కట్టుకోవడం తప్పు కాదు. ఇసుక తోలి పొట్ట పోసుకోవడమూ తప్పు కాదు. హద్దు మీరడమే తప్పు. భూమిపై తిరిగే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనవంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ (అల్ అన్ఆమ్ : 38) తెలుపుతోంది. కాబట్టి రశీదు లేని ఇసుక కొనకుండా ఉందాం. గుడ్లు కనిపించిన చోట నాలుగు రాళ్లు పేర్చి, తోలకందారులకు చెబుదాం. మన పిల్లలకు ఆ గూటిని దూరం నుంచే చూపిద్దాం.

నోరులేని ఆ తల్లిపక్షి రేపు ప్రళయదినాన మనపై ఫిర్యాదు చేసే స్థితి రాకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.