ఎదిరి లేని ఆట

ఒక్క నిమిషములో టేబుల్ టెన్నిసు బంతిని ఇరువురు కలిసి ఎన్నిమారులు కొట్టగలరు? కన్నులకు గంత కట్టుకొని బ్యాటుపై బంతిని ఎంతసేపు ఎగురవేయగలరు? బ్యాటునకు మారుగా అట్లకాడ చేతబట్టినచో ఎన్ని దెబ్బలు తప్పిపోక నిలుచును? ఇట్టి ప్రశ్నలు విని పెద్దలు నవ్వుదురు. గోదావరిఖని, రామగుండము వంటి బొగ్గుగనుల ఊళ్లలో షిఫ్టు దిగి, ఒడలి మసి కడిగికొని, సాయంకాలమొక గంట ఆడుకొనువారికి ఈపాటి వినోదమైన నుండరాదా యని కొందరందురు. ఆ మాట నిజమే. ధనాశ లేక, పందెము లేక, ఒక చిన్న నేర్పునందు తన శక్తికి ఎల్ల యెచ్చటనో తెలిసికొనగోరుట మనుష్యునకు సహజము. దాని నాక్షేపించుటకు మాకు కారణము కనబడదు. అయితే ఆ యెల్లను కొలుచువాడెవడు? అతడు చెప్పిన సంఖ్యను మనమేల నమ్మవలెను? వినోదము ఇచ్చట ధర్మవిచారముగా మారుచున్నది.

సామాన్యమైన పోటీలో ఈ చిక్కు లేదు. హైదరాబాదువాడగు మీర్ ఖాసిం అలీ 1968, 1969 సంవత్సరములలో జాతీయ విజేత యయ్యెననిన, ఆ విజయమునకు ఓడినవారే సాక్షులు. వలకావల నిలిచినవాడు ప్రతి బంతిని వేయికన్నులతో కనిపెట్టుచుండును. లెక్కలో ఒక్క పాయింటు ఎక్కువ పడిన నూరకుండడు. ఎదిరి స్వార్థమే సత్యమునకు కావలి. రికార్డు సంగతి వేరు. 1993లో ఇంగ్లండు దేశమున జాకీ బెలింజరు, లీసా లోమాస్ అను క్రీడాకారిణులు అరువది సెకండ్లలో 173 మారులు బంతిని కొట్టి గిన్నిసు గ్రంథమున కెక్కిరి. వారిని మేము శంకించుట లేదు. ఆ యాట యేర్పాటును మాత్రమే చూపుచున్నాము. వలకీవల నొకరు, ఆవల నొకరు నిలిచినను అట్టి ఆటలో వారు ఎదిరులు కారు, పొత్తుదారులు. ఇరువురి కోరికయు బంతి పడకుండుటయే. బంతి రెండుమారులు నేల కెగిరినట్లు తోచినను, ఫిర్యాదు చేయవలసినవానికే దానిని దాచుటలో లాభము కలదు. చుట్టును మూగినవారు మిత్రులు; లెక్కించువాడు మరింత మిత్రుడు. ఇంటిలో భోజనపు బల్లపై పిల్లవాడు బంతి నెగురవేయుచు తల్లిని లెక్క పెట్టుమనును. ఆమె పొయ్యిమీది కూర కలుపుచునే "నూరైనదిలే నాయనా!" యనును. అది అసత్యమని యెవ్వరనగలరు? కాని నూరు మాత్రము కాలేదు.

లెక్కించువాని పాటు ఎట్టిదో 1936లో ప్రేగు నగరమున జరిగిన ప్రపంచపు పోటీలలో లోకమునకు తెలిసినది. పోలండు దేశీయుడగు ఎర్లిఖ్, రుమేనియా దేశీయుడగు పానెత్ తలపడగా మొదటి పాయింటు తేలుటకే రెండు గంటలకు మించి పట్టెను. తల నిటునటు త్రిప్పి త్రిప్పి అంపైరు మెడ పట్టుకొనగా వేరొకని కూర్చుండబెట్టిరని చెప్పుదురు. ఈ కథ చెప్పువారందరును నవ్వుదురు. మాకు అంత నవ్వు రాదు. ఆడువారి అలసట కీర్తిగా ఫలించును. ఆ మెడనొప్పికి ఫలమేమి? తరువాత వలయెత్తు తగ్గించిరి, ఆటకు కాలపరిమితి విధించిరి. 1937లో బాడెను పట్టణమున స్త్రీల తుదిపోటీ ఆ పరిమితిని దాటిపోగా, అమెరికాకు చెందిన రూత్ ఆరన్సును, ఆస్ట్రియాకు చెందిన ట్రూడి ప్రిట్జిని, ఇరువురను అనర్హులను చేసి విజేతస్థానమును శూన్యముగా నుంచిరి. 2001లో ఆ తీర్పును త్రిప్పి, ఇరువురును సమాన విజేతలేయని ప్రకటించిరి. అప్పటికి ప్రిట్జి గతించి ముప్పది మూడేండ్లు, ఆరన్సు గతించి ఇరువదియొక్క యేండ్లు! నేటి నియమము ఇంతకంటె వివేకవంతముగ నున్నది. పది నిమిషము లాడినను ఇరువురికిని కలిపి పదునెనిమిది పాయింట్లు రానియెడల ప్రత్యేకముగా నొక గణకుడు కూర్చుండును. సర్వీసు అందుకొన్నవాడు తిరుగగొట్టు దెబ్బలను అతడు బిగ్గరగా లెక్కించును. పదుమూడవది సక్రమముగ పోయినచో పాయింటు అందుకొన్నవానిదే. బిగ్గరగా లెక్కించుటలోని మేలు చూడుడు: తప్పు పలికినచో ఆ క్షణముననే పట్టుకొనవచ్చును.

ఈ విషయమున తెలుగువారికి పరదేశముల పాఠము అంతగా నక్కరలేదు. అష్టావధానము చూచినవారెల్ల నెరుగుదురు. పృచ్ఛకులు అవధానికి చిరకాలమిత్రులే కావచ్చును. అయినను ఆ యాసనమున కూర్చున్నంతవరకు అతని దారి కడ్డుపడుటయే వారి విధి. నిషిద్ధాక్షరి నడుపువాడు అవధాని పోదలచిన త్రోవను ముందుగా పసిగట్టి ఆ యక్షరమునే వలదనును. అప్రస్తుతప్రసంగము చేయువాడు ఏకాగ్రతను చెరచుటకే వచ్చియున్నాడు. ఒకడు గంట మ్రోగించుచుండును; ఎన్ని మ్రోతలైనవో తుదకు అవధాని చెప్పవలెను. మిత్రుడే కొంతసేపు వైరి వేషము దాల్చుటచేత ఆ విద్యకు గౌరవము నిలిచినది. పృచ్ఛకుడు మెత్తబడిన సభలో అవధాని యెంత గొప్పవాడైనను, ఇంటికి పోవుచు సభ్యులు గుసగుసలాడక మానరు.

ఆటకింత తర్కమేల యని చదువరులు విసుగుకొనవచ్చును. బొగ్గునేలమీద నివసించువారికి దీనిలో ప్రాణసంబంధమైన విషయము కలదు. 1935 ఆగస్టు 31వ తేదీన సోవియట్ దేశమున డాన్‌బాస్ ప్రాంతపు గనిలో అలెక్సీ స్టఖానోవ్ అనువాడు ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు కొట్టెనని ప్రకటించిరి. అతనికి నియమించిన పరిమాణము ఏడు టన్నులు! దేశమెల్ల అతని పేరు మారుమ్రోగెను. మామూలుగా బొగ్గు కొట్టువాడే పైకప్పు కూలకుండ కొయ్యలు నిలుపుకొనవలెను. ఆ రాత్రి అతని నా పనినుండి తప్పించి, వెనుక వేరే మనుష్యులచే కొయ్యలు నిలిపించిరి. సంఖ్య మాత్రము ఒక్కని పేరనే నిలిచెను. కొట్టినవానికి, గని యధికారికి, పార్టీవారికి, పత్రికవారికి, అందరికిని పెద్ద సంఖ్యయే కావలెను. వలకావల నెవ్వడును లేడు. 1936లో అచ్చటి పరిశ్రమలలో కార్మికుల నియమిత పరిమాణములు పెంపబడినవి. ఒకని రికార్డు వేలమంది వీపులమీద కొలబద్దయైనది. దీనికి మారుగా ఇంగ్లండులో 1860 నాటి చట్టము గనికార్మికులకొక హక్కు నిచ్చెను: యజమాని తూకము వేయించుచోట తమవాడొకడు నిలిచి ఆ తూకమును సరిచూచుటకు. అతనిని కార్మికులే యేర్పరచుకొందురు. మా దృష్టిలో అతడును పృచ్ఛకుడే.

ఔత్సాహికుని మాటనే యేల నమ్మరాదని యొక ప్రశ్న వచ్చును. జీతము లేదు, బహుమానము లేదు, అబద్ధమాడి అతడేమి మూటగట్టుకొనును? ఈ ప్రశ్న మంచిది. బంతి బల్ల యంచును తాకినదో లేదో అంపైరు చూడలేనపుడు, "తాకినది, పాయింటు ఎదిరిదే" యని తానే చెప్పు ఆటగాండ్రు కలరు. వారి మాటకు వేరు సాక్ష్యమక్కరలేదు, ఏలయన ఆ మాట వారికే నష్టము. గనిలో షిఫ్టు సర్దారు పైకప్పును, గాలిలోని వాయువును పరీక్షించి పుస్తకమున వ్రాసి సంతకము చేయును. దానిని నమ్మి మనుష్యులు లోనికి పోవుదురు. అతడును ఆ కప్పుక్రిందనే తిరుగువాడు. రికార్డు చెప్పుకొనువాని మాట ఈ రెండు విధములలో దేనికిని చెందదు. తనకు మేలుచేయు మాటను, తనకే అపాయమును లేనిచోట, తానే పలుకుచున్నాడు. అతడు సత్యవంతుడే కావచ్చును. కాని మన నమ్మకమును కోరుచున్నాడు గనుక మనకు చూపవలసిన భారమతనిదే. గిన్నిసువారు సంబంధములేని సాక్షులను కోరుట అతని నవమానించుట కాదు.

కావున మన ఊళ్లలో ఒక గనివారు రికార్డు నెలకొల్పదలచినచో లెక్కకు పొరుగు గనివానిని పిలువవలెను. అందును వారిని ఓడింపగోరువానిని పిలిచిన మరియు మేలు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవానిని గణకునిగా కూర్చుండబెట్టరాదు. గంటకొక గణకుడు మారవలెను. ఆ యాసనమున బాలికల నేల కూర్చుండబెట్టరు? లెక్కలలో వారు వెనుకబడుట మా తరగతులలో మేము చూడలేదు. ఒక పుస్తకముంచి, ఏ బల్లపై, ఏ బంతితో ఆడిరో వ్రాయవలెను. 2000 సంవత్సరమున బంతి వ్యాసము 38 మిల్లీమీటర్లనుండి 40కి పెరిగినది గనుక పాత సంఖ్యలతో పోల్చుటకు ఇదియు కావలెను. లెక్క ఎన్నవ దెబ్బయొద్ద ఎవరినుండి ఎవరి కప్పగింపబడెనో, సంశయము కలిగిన దెబ్బ యేదో, దానిని కలిపిరో విడిచిరో వ్రాయవలెను. బంతులందించిన పిల్లవాని పేరునకు కూడ నొక గడి యుంచవలెను.