మొదటి పిడికిలి

ధ్యానభాగము: హగ్గయి 1వ అధ్యాయము

క్రీ.పూ. 538లో పారసీక రాజైన కోరెషు సెలవియ్యగా, యూదులు బబులోను చెరనుండి యెరూషలేమునకు తిరిగి వచ్చిరి. వచ్చిన రెండవ సంవత్సరమున మందిరపు పునాది వేసిరి. కాని చుట్టుపట్ల వారి విరోధము లేచినది, పని ఆగినది. ఆగిన పని సుమారు 16 ఏండ్లు ఆగియే యుండెను. క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త వారిని ప్రశ్నించువరకు అది మరల సాగలేదు.

ప్రవక్త వారిమీద మోపిన నేరమేమి? ఇచ్చట విగ్రహారాధన మాట లేదు, దొంగతనము మాట లేదు. వారు తమ యిండ్లకు సరంబీ వేసికొని సుఖముగా నుండిరి. దేవుని మందిరము పాడైయుండెను. ఇల్లు కట్టుకొనుట పాపమా? కాదు, భార్యాబిడ్డలకు నీడ కల్పించుట ధర్మమే. అయితే మందిరమునకు ఇంకను సమయము రాలేదన్నవారికి, తమ యింటి పైకప్పునకు మాత్రము సమయము దొరికినది. శత్రువుల విరోధము నిజమే. కాని అది ఒక కట్టడమునే ఆపినది, రెండవదానిని ఆపలేదు. మనము ఆలోచింపవలసిన సంగతి ఇదియే.

మనలో దేవుని కాదనువారు అరుదు; ఇప్పుడు కాదనువారు అనేకులు. పిల్లల చదువులు ముగియవలెను, అప్పు తీరవలెను, కూతురి పెండ్లి కావలెను. అటుపిమ్మట ప్రార్థనకును సంఘసేవకును తీరిక దొరకునని చెప్పుకొందుము. ఒక్కొక్క కారణమును విడిగా చూచిన న్యాయముగానే కనబడును. అన్నిటిని కలిపి చూచినయెడల ఆయుష్షంతయు వాటికే చెల్లిపోయినట్లు తెలియును.

ఇచ్చట ఒక సందేహము కలుగును. పగలంతయు కూలిచేసి, రాత్రి మంచమెక్కిన అత్తకు సేవచేయు స్త్రీని చూచి, ఈమె భక్తి పూర్ణమైనది కాదని ఎవరనగలరు? మన ప్రభువు అట్లనడు. తలిదండ్రులకు చెందవలసినదానికి కొర్బానని పేరుపెట్టి వారిని విడిచినవారినే ఆయన గద్దించెను (మార్కు 7:9-13). కావున బాధ్యతను విడిచి మందిరములో కూర్చుండుట పూర్ణభక్తి కాదు.

అట్లయిన దేవుడు అడుగునదేమి? మన తెలుగు సంఘములలో అనేక కుటుంబములు ఎరిగిన పిడికెడు బియ్యపు ఆచారము దీనికి మంచి జవాబు. తల్లి ఎసరు పెట్టునప్పుడే, కొలిచిన బియ్యములోనుండి ఒక పిడికెడు తీసి దేవునికని వేరుగా ఉంచును. అది అందరు తినగా మిగిలినది కాదు, ముందు తీసినది. బీద యింట ఆ లోటు తెలియును. ముఖ్యముగా ఆ తల్లి కంచములోనే తెలియును. అయినను బిడ్డల కంచములు నిండును. కొర్బానన్నవాడు తలిదండ్రుల వంతునుండి ఇచ్చెను. ఈమె తన వంతునుండి ఇచ్చుచున్నది. హృదయపూర్వకమైన భక్తికిని, భక్తి యను సాకునకును భేదము ఇదే.

కాబట్టి ప్రియులారా, ఈ మాసమున మనలను మనము పరీక్షించుకొందము. మన దినములో మొదటి గడియ ఎవరిది? మన రాబడిలో మొదటి భాగము ఎవరిది? దేవునికి ఇచ్చుటలో తగ్గుచున్నది మన వంతా, ఇతరుల వంతా?

ఆరవ నెల మొదటి దినమున హగ్గయి పలికెను. ఆ నెల 24వ దినమున జనులు పని మొదలుపెట్టిరి. 16 ఏండ్లు నిలిచిపోయిన పని అయిదేండ్లలోపుననే ముగిసెను. వినిన మాటకు ఆలస్యము చేయక లోబడు మనస్సును ప్రభువు మనకును దయచేయునుగాక. ఆమేన్.