బండి ఎందుకు నిలిచిపోయెను?



మా పాత పెట్రోలు జీపు ఒక్క నెలలో మూడు పర్యాయములు దారిలో నిలిచిపోయినది. మూడవసారి జ్వరముతోనున్న యొక తల్లిని ఆస్పత్రికి తీసుకొనిపోవుచుంటిమి. డ్రైవరును నలుగురిలో గద్దించి, పిమ్మట ప్రార్థించితిమి. పది నిమిషములకు బండి కదలెను. ప్రార్థన నెరవేరెననుకొంటిమి; రెండు మైళ్లు పోగానే మరల ఆగెను! ఆ తల్లిని దారినపోవు ఆటోలో పంపితిమి.

మెకానిక్కు ఏదియు విప్పకమునుపే, "టక్కున ఆగినదా, నీరసించి ఆగినదా?" అని యడిగెను. టక్కున ఆగిన తరచుగా కరెంటు లోపమట; బలము మెల్లగా తగ్గిన పెట్రోలు అందకపోవుటట. ట్యాంకు మూత తీయగా బుస్సుమని గాలి లోనికి పోయెను. మూతకున్న సన్నని రంధ్రము దుమ్ముతో పూడియుండెను. పెట్రోలు తగ్గుకొలది ట్యాంకులోనికి గాలి రావలెను. రానియెడల పంపు ఎంత లాగినను పెట్రోలు రాదు. ఆగియున్నప్పుడు కొంచెము గాలి చొరబడును గనుక మరల కదలును. క్రొత్త ప్లగ్గులకు మేము పెట్టిన ఖర్చు వ్యర్థమే.

యెహోషువ గ్రంథము 7వ అధ్యాయము చూడుడి. హాయి యొద్ద ఓడిన దినమున యెహోషువ సాయంకాలమువరకు సాగిలపడియుండెను. దేవుడు అతనిని లేవుమనెను. ప్రార్థన వలదని కాదు, వెదకవలసియుండెను గనుక. గోత్రము, వంశము, కుటుంబము, తుదకు ఒక్క మనుష్యుడు. ఆ క్రమమున వెదకగా దోషము ఆకాను డేరాలో నేలక్రింద దొరికెను. అయినను యెహోషువ ఆ దోషిని కుమారునిగా సంబోధించెను. మేమో, ఏ దోషము లేనివానిని తిట్టితిమి.

ఆ రాత్రియే డ్రైవరు ఇంటికి పోయి, అతని భార్యాబిడ్డలయెదుట క్షమాపణ వేడుకొంటిమి.